రక్త కాన్సరు వంశంలో దిగుతుందా?

ఇంట్లో ఒకరికి బ్లడ్ కాన్సరు అని డాక్టరు చెప్పిన మరునాటి నుంచే ఆ ఇంట్లో రెండు రకాల ఆలోచనలు మొదలవుతాయి. మొదటిది రోగిని గురించి. ఎక్కడ చూపించాలి, ఎంత ఖర్చవుతుంది, గండం గడుస్తుందా అని. రెండోది పైకి అనరు గాని అందరి మనసుల్లోనూ మెదులుతూనే ఉంటుంది. ఇది మిగతా పిల్లలకు కూడా వస్తుందా? అసలు ఎవరి వైపు నుంచి వచ్చింది?

'మా వంశంలో ఇటువంటి జబ్బు ఎన్నడూ ఎరగం' అంటారు అత్తవారు. బిడ్డ ఆసుపత్రి మంచం మీద ఉండగా ఆ మాట విన్న తల్లి మనసు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. పెళ్లికెదిగిన చెల్లెలు ఉంటే, సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు ఏదో సాకు చెప్పి తప్పుకుంటారు. ఇవన్నీ మన ఇళ్లలో జరిగేవే.

ఈ ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెప్పుకుందాం. రక్త కాన్సరు, అంటే లుకేమియా వచ్చినవారిలో అత్యధికులకు అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, వాళ్ల పిల్లలకు పోయేదీ కాదు. కాని కొద్ది కుటుంబాల్లో మాత్రం ఈ జబ్బుకు దారితీసే లోపం నిజంగానే తరం నుంచి తరానికి దిగుతుంది. ఆ కుటుంబాలను గుర్తుపట్టడం చాలా అవసరం. ఎందుకంటే అటువంటి ఇంట్లో అన్నకు తమ్ముడు మూలుగ దానం చేయబోయేటప్పుడు ఈ సంగతి తెలియకపోతే, మేలు చేయబోయి కీడు చేసినట్లవుతుంది.

రక్తం పుట్టే చోటు

మన రక్తంలోని కణాలు ఎముకల లోపల ఉండే మూలుగలో తయారవుతాయి. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి. తెల్లకణాలు రోగక్రిములతో పోరాడతాయి. ప్లేట్‌లెట్లు గాయమైన చోట రక్తం గడ్డకట్టడానికి తోడ్పడతాయి. ఎర్రకణాలే రోజుకు సుమారు 20,000 కోట్లు కొత్తగా పుడుతుంటాయంటే, మూలుగ ఎంత పెద్ద కర్మాగారమో ఊహించుకోండి.

ఈ కర్మాగారంలో ఒక కణం అదుపు తప్పి, పూర్తిగా ఎదగకుండానే తనవంటి కణాలను లెక్కకు మించి పుట్టించడం మొదలుపెడితే అదే లుకేమియా. అవి తెల్లకణాల జాతివే అయినా పని చేయవు. ఊరికే చోటు ఆక్రమించుకుంటాయి. దానితో మంచి కణాలకు తావు లేకుండా పోతుంది. ఎర్రకణాలు తగ్గి మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు. పనికివచ్చే తెల్లకణాలు తగ్గి జ్వరాలు వదలవు. ప్లేట్‌లెట్లు తగ్గి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, చర్మం మీద ఎర్రని చుక్కలు, కమిలిన మచ్చలు కనిపిస్తాయి. లుకేమియా అన్న మాటకు గ్రీకు భాషలో 'తెల్ల రక్తం' అని అర్థం. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1847లో ఈ జబ్బుకు ఆ పేరు పెట్టాడు.

ఇందులో రకాలున్నాయి. ఉన్నట్టుండి ఉధృతంగా వచ్చేవి కొన్ని, ఏళ్ల తరబడి నిదానంగా సాగేవి కొన్ని. ఏ జాతి తెల్లకణం చెడిందన్న దాన్నిబట్టి లింఫాయిడ్ అనీ, మైలాయిడ్ అనీ మళ్లీ రెండు భాగాలు. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది ఉధృతమైన లింఫాయిడ్ రకం. పెద్దవయసులో ఉధృతమైన మైలాయిడ్ రకం ఎక్కువ.

నకలులో తప్పు, మూలప్రతిలో తప్పు

'డాక్టర్లే ఇది జన్యువుల జబ్బు అంటున్నారు కదా, జన్యువులంటే తల్లిదండ్రుల నుంచి వచ్చేవే కదా, మరి వంశపారంపర్యం కాదంటారేం?' అని చదువుకున్నవారు కూడా అడుగుతుంటారు. ఈ చిక్కు విడిపోతే సగం భయం పోతుంది.

పూర్వం మన గ్రంథాలను తాటాకుల మీద రాసేవారు. ఒక ప్రతిని చూసి మరొక ప్రతి, దాన్ని చూసి ఇంకొకటి రాసుకుంటూ పోయేవారు. రాసే మనిషి ఎక్కడో ఒక అక్షరం పొరపాటుగా రాశాడనుకోండి. ఆ ప్రతిలోనూ, దాన్ని చూసి రాసిన ప్రతుల్లోనూ ఆ తప్పు ఉంటుంది. కాని ఇంట్లో భద్రంగా దాచిన మూలప్రతిలో ఉండదు. అలాకాక మూలప్రతిలోనే తప్పు ఉంటే, దాన్ని చూసి ఎందరు రాసినా అందరి ప్రతుల్లోనూ అదే తప్పు వస్తుంది.

మన శరీరం సంగతీ ఇంతే. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు కలిసి మొదటి కణం ఏర్పడుతుంది. వాటి మీద సుమారు 20,000 జన్యువులుంటాయి. అది మూలప్రతి. ఆ ఒక్క కణం విభజన చెందుతూ కోటానుకోట్ల కణాలవుతుంది. ప్రతి విభజనలోనూ జన్యువులకు నకలు తీయవలసిందే. మూలుగ జీవితాంతం ఈ పని చేస్తూనే ఉంటుంది కనుక, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కణంలో తప్పు పడుతుంది. చాలా తప్పుల వల్ల హాని లేదు. కొన్నిటిని శరీరమే సరిదిద్దుకుంటుంది. ఎదుగుదలను అదుపులో ఉంచే జన్యువుల్లో తప్పులు పోగుపడినప్పుడు మాత్రం ఆ కణం లుకేమియా కణంగా మారుతుంది.

అంటే ప్రతి లుకేమియాలోనూ జన్యువులు చెడతాయి. కాని ఆ చెడటం సాధారణంగా మూలుగలోని కణాలకే పరిమితం. పిల్లలు పుట్టడానికి కారణమైన అండం, వీర్యకణం వేరే చోట ఉంటాయి. వాటికి ఆ తప్పు అంటదు.

దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నిదానంగా సాగే మైలాయిడ్ లుకేమియా రోగుల రక్తకణాల్లో ఒక పొట్టి క్రోమోజోమును చూశారు. 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదాని చోటికి మరొకటి మారడం వల్ల అది ఏర్పడిందని 1973లో జానెట్ రౌలీ అనే వైద్యురాలు కనిపెట్టారు. ఈ మార్పు రోగి లుకేమియా కణాల్లో ఉంటుంది గాని, అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. అతని పిల్లలకు సంక్రమించదు.

హిరోషిమా, నాగసాకి కూడా ఇదే చెబుతున్నాయి. 1945లో అణుబాంబుల బారినపడి బతికినవారిలో కొద్ది సంవత్సరాలకే లుకేమియా బాగా పెరిగింది. వాళ్లకు ఆ తరువాత పుట్టిన పిల్లలను శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి గమనించారు. ఆ పిల్లల్లో లుకేమియా పెరగలేదు. తల్లిదండ్రుల మూలుగలో జరిగిన హాని బిడ్డలకు వారసత్వంగా దిగలేదన్నమాట.

కవలల్లో ఒకరికి వస్తే?

ఒకే పోలికతో ఉండే కవలల్లో ఒకరికి పసితనంలో లుకేమియా వస్తే రెండో బిడ్డకు కూడా వచ్చే అవకాశం ఎక్కువ. ఏడాది లోపు వయసులో వస్తే, రెండో బిడ్డకు రావడం దాదాపు ఖాయమనే చెప్పాలి. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య వస్తే, రెండో బిడ్డకు వచ్చే అవకాశం సుమారు పదింట ఒక వంతు. ఇది విన్నవాళ్లు 'చూశారా, వంశపారంపర్యమే' అనుకుంటారు. కాదు.

ఇంగ్లండులో మెల్ గ్రీవ్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1990ల నుంచి ఈ కవలలను పరీక్షించారు. ఇద్దరి లుకేమియా కణాల్లోనూ జన్యువు సరిగ్గా ఒకే చోట తెగి అతుక్కుంది. కాని తల్లిదండ్రుల్లో ఆ మార్పు లేదు. జరిగింది ఏమిటంటే, గర్భంలో ఒక బిడ్డ రక్తకణంలో తప్పు పడింది. ఇద్దరికీ మాయ ఒకటే కావడం వల్ల ఆ కణాలు రక్తంతోపాటు రెండో బిడ్డకు చేరాయి. అంటే ఇది తల్లిదండ్రులు ఇచ్చిన లోపం కాదు. గర్భంలో ఒకరి నుంచి ఒకరికి పంచుకున్న కణం.

పిల్లలు పుట్టినప్పుడు మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టి దాచిన రక్తపు చుక్కల్లో కూడా ఇటువంటి మార్పులు కనిపించాయి. పుట్టుకనాటికే అటువంటి కణం ఉన్న బిడ్డల్లో అత్యధికులకు జబ్బు రానేరాదు. తరువాత మరికొన్ని తప్పులు తోడైనప్పుడే వస్తుంది. కనుక గర్భిణిగా ఉన్నప్పుడు ఏదో తిన్నందువల్లనో, గ్రహణం చూసినందువల్లనో బిడ్డకిలా అయిందని ఏ తల్లీ తనను తాను నిందించుకోనక్కరలేదు.

మరి ఏ కుటుంబాల్లో దిగుతుంది?

ఇక మూలప్రతిలోనే తప్పు ఉన్న కుటుంబాల సంగతి. చాలాకాలంపాటు ఇటువంటివి బహు అరుదు అనుకున్నారు. గత పాతికేళ్లలో జన్యు పరీక్షలు పెరిగిన కొద్దీ అనుకున్నంత అరుదు కాదని తేలింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రక్త కాన్సర్ల వర్గీకరణలో వీటికి విడిగా ఒక భాగాన్నే కేటాయించింది. వీటిలో ముఖ్యమైనవి ఇవి.

రంక్స్-1 అనే జన్యువు: ఇందులో లోపం ఉన్న కుటుంబాలను 1999లో గుర్తించారు. వీళ్లకు చిన్నప్పటి నుంచీ ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువగా ఉంటాయి, ఉన్నవి కూడా సరిగా పనిచేయవు. చిన్న దెబ్బకే కమిలిపోవడం, ముక్కు నుంచి తరచు రక్తం కారడం, పన్ను పీకించుకుంటే రక్తం ఆగకపోవడం ఉంటాయి. కొందరిలో అవీ ఉండవు. ఈ లోపం ఉన్నవారిలో సుమారు మూడో వంతుకు పైగా జీవితకాలంలో లుకేమియా వంటి రక్తవ్యాధి రావచ్చు. ఇ.టి.వి.6 అనే మరో జన్యువు చెడినా ప్లేట్‌లెట్లు ఇలాగే తగ్గుతాయి, లుకేమియా భయం ఉంటుంది.

సి.ఇ.బి.పి.ఎ. అనే జన్యువు: 2004లో వెలుగులోకి వచ్చింది. ముందుగా ఏ సూచనా ఉండదు. కాని ఈ లోపం వారసత్వంగా వచ్చినవారిలో అత్యధికులకు మైలాయిడ్ లుకేమియా వస్తుంది, అదీ తరచు చిన్న వయసులో. ఊరట ఏమిటంటే, ఈ రకం మందులకు బాగా లొంగుతుంది.

గాటా-2 అనే జన్యువు: 2011లో గుర్తించారు. ఒళ్లంతా వదలని పులిపిరికాయలు, మామూలుగా ఎవరికీ రాని క్షయజాతి అంటురోగాలు, కాలి వాపు, కొందరిలో చెవుడు కనిపిస్తాయి. రక్తపరీక్షలో మోనోసైట్లు అనే తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి. యుక్తవయసులోనే మూలుగ దెబ్బతినవచ్చు.

డి.డి.ఎక్స్.41 అనే జన్యువు: 2015లో తెలిసింది. ఇది తక్కినవాటికి భిన్నం. జబ్బు అరవై దాటాక వస్తుంది, మగవారిలో ఎక్కువ. ముసలితనంలో వచ్చింది కనుక వంశపారంపర్యం కాదని ఎవరూ అనుమానించరు. అందుకే ఇది ఇన్నాళ్లు దొరకలేదు.

టి.పి.53 అనే జన్యువు: ఇందులో లోపం ఉన్న కుటుంబాల్లో ఒక్క లుకేమియాయే కాదు, చిన్న వయసులో రొమ్ము కాన్సరు, ఎముక కాన్సరు, మెదడులో గడ్డలు, ఇలా ఒకరికి ఒకటి చొప్పున వస్తుంటాయి. లీ, ఫ్రామెని అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఇటువంటి కుటుంబాలను 1969లో వర్ణించారు. జన్యువు 1990లో దొరికింది.

పైన చెప్పిన లోపాలన్నిటిలోనూ తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు. ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. ఆడపిల్ల, మగపిల్లవాడు అనే భేదం లేదు. లోపం రావడం వేరు, జబ్బు రావడం వేరు అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. లోపం ఉండి కూడా నిండు నూరేళ్లు బతికినవారున్నారు. ఒక్కొక్కప్పుడు తల్లిదండ్రులిద్దరిలోనూ లేని లోపం బిడ్డలోనే కొత్తగా మొదలవడం కూడా కద్దు.

మేనరికాల మాట

ఇంకొక రకం ఉంది. ఇందులో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడినవే వస్తేగాని జబ్బు రాదు. ఒక్కటే చెడినది ఉన్నవారు ఆరోగ్యంగా ఉంటారు. తమలో ఆ లోపం ఉన్నట్టు కూడా వారికి తెలియదు. వేర్వేరు వంశాల వారైతే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండటం అరుదు. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకుంటే తాతముత్తాతల నుంచి ఒకే లోపం ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం పెరుగుతుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన తెలుగునాట మేనరికాలు ఇంకా ఉన్నాయి కనుక ఇది మనకు పట్టిన విషయమే.

ఈ కోవలో ముఖ్యమైనది ఫాంకొనీ రక్తహీనత. స్విట్జర్లండుకు చెందిన గైడో ఫాంకొనీ అనే పిల్లల వైద్యుడు 1927లో దీన్ని వర్ణించాడు. బిడ్డ పొట్టిగా ఉండటం, బొటనవేలు సరిగా లేకపోవడం, చర్మం మీద కాఫీ రంగు మచ్చలు, అయిదు పదేళ్ల వయసులో మూడు రకాల రక్తకణాలూ తగ్గిపోవడం దీని లక్షణాలు. కణంలో పడిన తప్పులను సరిదిద్దే యంత్రాంగమే వీళ్లలో దెబ్బతిని ఉంటుంది. అందువల్ల లుకేమియా భయం మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

డౌన్ సిండ్రోమ్ పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. వీళ్లకు 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. ఇది 1959లో తెలిసింది. వీళ్లకు లుకేమియా వచ్చే అవకాశం మామూలు పిల్లలకంటే 10 నుంచి 20 రెట్లు ఎక్కువ. కాని ఇది సాధారణంగా వంశంలో దిగేది కాదు. ఈ పిల్లల్లో కొందరికి పుట్టిన కొత్తలోనే లుకేమియా వంటి స్థితి కనిపించి, చాలామందిలో కొద్ది వారాల్లో లేదా నెలల్లో దానంతట అదే పోతుంది. వీళ్లకు వచ్చే మైలాయిడ్ లుకేమియా కూడా మందులకు బాగానే లొంగుతుంది. కనుక డౌన్ బిడ్డకు లుకేమియా అనగానే ఆశ వదులుకుని వైద్యం మానేయడం మహా తప్పు.

రెట్టింపు అనగానే భయపడకండి

2009లో మరో సంగతి బయటపడింది. పిల్లల్లో వచ్చే లింఫాయిడ్ లుకేమియాకు ఎక్కువమందిలో ఉండే చిన్న చిన్న జన్యు తేడాలు కూడా కొంత దోహదం చేస్తాయని రెండు పెద్ద పరిశోధనల్లో తేలింది. ఇవి లోపాలు కావు, మనుషుల మధ్య సహజంగా ఉండే భేదాలు. ఒక్కొక్క తేడా వల్ల జబ్బు వచ్చే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు లేదా రెండు రెట్లు కావచ్చు.

రెండు రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది. కాని లెక్క చూడండి. పిల్లలకు పదిహేనేళ్లు నిండేలోపు ఈ జబ్బు వచ్చేది సుమారు 2,000 మందిలో ఒకరికి. రెట్టింపు అయితే 2,000 మందిలో ఇద్దరికి. తక్కిన 1,998 మందికి రాదు. ఈ చిన్న తేడాల కోసం ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పరీక్షలు చేయించడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఉమ్మి పంపితే చాలు, మీ భవిష్యత్తు రోగాలన్నీ చెబుతామనే ప్రకటనలు చూసి డబ్బు తగలేయకండి.

తోబుట్టువు మూలుగ ఇచ్చేముందు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొన్ని లుకేమియాల్లో మందులు ఒక్కటే చాలవు. రోగి మూలుగను మందులతో నాశనం చేసి, మరొకరి మూలుగ కణాలను ఎక్కించాలి. దాతగా మొదట చూసేది సొంత అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను. ఒక్కొక్క తోబుట్టువుకూ మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. సరిపోయిందంటే ఇంటిల్లిపాదీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు.

కాని రోగికి వచ్చినది వంశంలో దిగిన లోపం వల్లనైతే? ఉదాహరణకు రంక్స్-1 లోపమే అనుకుందాం. తోబుట్టువులో కూడా అదే లోపం ఉండే అవకాశం సగం. ఆ తోబుట్టువు పైకి ఆరోగ్యంగానే ఉంటాడు. రక్తపరీక్షలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. అతని మూలుగ ఎక్కిస్తే అదే లోపాన్ని మళ్లీ రోగి ఒంట్లో నాటినట్లవుతుంది. కొందరిలో ఎక్కించిన మూలుగ సరిగా నిలదొక్కుకోలేదు. మరికొందరిలో కొన్నేళ్ల తరువాత దాత కణాల నుంచే కొత్తగా లుకేమియా పుట్టింది. ఇటువంటివి వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తోడబుట్టినవాడు ప్రేమతో ఇచ్చినదే ప్రాణం మీదికి తెచ్చిందంటే ఆ కుటుంబం ఎంత కుమిలిపోతుందో కదా!

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. మూలుగ మార్పిడి అవసరం కావచ్చని తెలిసిన రోజునే 'ఇది మా కుటుంబంలో దిగేది కాదు కదా?' అని డాక్టరుగారిని అడగాలి. అనుమానం ఉంటే రోగికి జన్యు పరీక్ష చేయాలి. లోపం తేలితే, దాతగా అనుకున్న తోబుట్టువుకు కూడా ఆ ఒక్క లోపం కోసం పరీక్ష చేయాలి. ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక ఆఖరి నిమిషం దాకా ఆగకూడదు. తోబుట్టువు పనికిరాకపోతే దాతల జాబితాల్లో వేరేవారి కోసం వెతకవచ్చు. తల్లిదండ్రుల్లో లోపం లేనివారి నుంచి సగం సరిపోయిన మూలుగ తీసుకునే పద్ధతి కూడా ఇప్పుడుంది.

ఈ జాగ్రత్త వల్ల కలిగే మేలు ఎంతటిదో 1988లోనే ప్రపంచం చూసింది. ఫాంకొనీ రక్తహీనత ఉన్న ఒక అమెరికన్ బాలుడికి పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మాన్ అనే వైద్యురాలు, ఆమె బృందం బొడ్డుతాడు రక్తం ఎక్కించారు. ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ రక్తం అతనికి అప్పుడే పుట్టిన చెల్లెలిది. ఆమె కడుపులో ఉండగానే రెండు సంగతులు తేల్చుకున్నారు. ఒకటి, అన్నకు సరిపోతుందా అని. రెండు, అన్నకున్న జబ్బు ఆమెకు లేదు కదా అని. ఆ రెండో ప్రశ్న అడగడం మరచిపోలేదు కనుకనే ఆ బాలుడి ప్రాణం నిలిచింది.

ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

లుకేమియా వచ్చిన ప్రతి ఇంట్లోనూ బంధువులందరూ పరీక్షలకు పరుగెత్తనక్కరలేదు. ఈ కింది వాటిలో ఏదైనా ఉంటేనే ఆలోచించాలి.

ఒకటి, దగ్గరి రక్తసంబంధీకుల్లో మరొకరికి కూడా లుకేమియా, లేదా మూలుగ ఎండిపోయే జబ్బు వచ్చి ఉండటం. రెండు, కుటుంబంలో పలువురికి ఏళ్ల తరబడి ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండటం, రక్తం త్వరగా ఆగకపోవడం. మూడు, రోగిలో పుట్టుకతో వచ్చిన బొటనవేలి లోపం, బాగా పొట్టిగా ఉండటం, వదలని పులిపిరికాయలు, కాలి వాపు వంటివి కనిపించడం. నాలుగు, ఇంట్లో చిన్న వయసులోనే రకరకాల కాన్సర్లు రావడం. అయిదు, రోగి కాన్సరు కణాలకు చేసిన పరీక్షలో పైన చెప్పిన జన్యువుల్లో మార్పు కనిపించడం. ఆరు, తోబుట్టువును దాతగా అనుకోవడం.

వివరాలు అడిగేటప్పుడు దాచకండి. తాతగారు 'రక్తం తగ్గిపోయి' పోయారనో, పెద్దమ్మకు 'నెలనెలా రక్తం ఎక్కించేవారు' అనో ఇంట్లో పెద్దలు చెప్పిన మాటలు కూడా డాక్టరుకు పనికివస్తాయి. మూడు తరాల వంశవృక్షం ఒక కాగితం మీద రాసుకుని తీసుకువెళ్లండి.

పరీక్షలో ఒక మెలిక ఉంది. లుకేమియా రోగి రక్తం తీసి పరీక్షిస్తే, కనిపించిన మార్పు లుకేమియా కణానిదా, పుట్టుకతో వచ్చిందా తేల్చడం కష్టం. ఉమ్మిలో కూడా రక్తంలోని తెల్లకణాలు కలిసి ఉంటాయి. అందువల్ల చర్మం నుంచి చిన్న ముక్క తీసి, దానిలోని కణాలను పెంచి పరీక్షించడం నమ్మకమైన పద్ధతి. కొన్ని ఫలితాలు మంచిదో చెడ్డదో తేలని మార్పు అని వస్తాయి. దాన్ని చూసి బెంబేలెత్తవద్దు. దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఇవన్నీ విడమరచి చెప్పడానికి జన్యు వైద్య నిపుణులుంటారు. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది.

లోపం ఉందని తేలితే?

లోపం ఉన్నదంటే జబ్బు ఉన్నదని కాదు. ఆరునెలలకో ఏడాదికో రక్తపరీక్ష చేయించుకోవాలి. అందులో మార్పు కనిపిస్తే మూలుగ పరీక్ష చేస్తారు. ప్లేట్‌లెట్ల లోపం ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ మింగకూడదు. పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు ముందు ఈ సంగతి తప్పక చెప్పాలి. పొగాకు మానాలి. బెంజీన్ వంటి రసాయనాలతో పనిచేసేవారు జాగ్రత్తపడాలి. అవసరం లేని ఎక్స్-రే, స్కానింగులు పదేపదే తీయించుకోకూడదు. లోపాన్ని పోగొట్టే మాత్రగాని, రక్తాన్ని 'శుద్ధి' చేసే లేహ్యంగాని లేవు.

సందేహాలు

మా అన్నయ్యకు లుకేమియా. నాకు పెళ్లి చేయవచ్చా? తప్పకుండా. పైన చెప్పిన సూచనలేవీ మీ కుటుంబంలో లేకపోతే మీ పిల్లలకు ఇది దిగుతుందని భయపడవలసిన పని లేదు. లోపం ఉన్నట్టు తేలినా పెళ్లి మానుకోనక్కరలేదు. జీవిత భాగస్వామికి ముందే చెప్పండి. పిల్లల విషయం జన్యు వైద్యులతో మాట్లాడండి.

రోగితో కలిసి భోంచేస్తే వస్తుందా? రాదు. ఇది అంటువ్యాధి కాదు. నిజానికి మన జలుబు, దగ్గు రోగికి అంటకుండా మనమే జాగ్రత్తపడాలి.

లోపం తల్లి వైపుదని తేలితే ఆమెది తప్పా? కళ్ల రంగు, ముక్కు తీరు ఎలా వస్తాయో ఇదీ అలాగే వస్తుంది. ఎవరూ కోరి తెచ్చుకోరు, కోరి ఇవ్వరు. పరీక్ష చేసేది నేరం ఎవరిదో తేల్చడానికి కాదు, మిగిలినవారిని కాపాడుకోవడానికి.

చివరిగా ఒక్క మాట. లుకేమియాను మందుతో లొంగదీయవచ్చని ప్రపంచానికి తెలియడంలో మన తెలుగువాడి పాత్ర ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో తయారుచేయించిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గింది. ఆ ఫలితం 1948లో అచ్చయింది. అదే సంవత్సరం సుబ్బారావుగారు కన్నుమూశారు. అప్పట్లో తాత్కాలికమైన ఆ గెలుపు ఈనాడు ఎంతదాకా వచ్చిందంటే, మంచి వసతులున్న దేశాల్లో లింఫాయిడ్ లుకేమియా వచ్చిన పిల్లల్లో 100కు 90 మంది దాకా బతికి బట్టకడుతున్నారు.

కాబట్టి ఈ జబ్బు వచ్చిన ఇంట్లో 'ఎవరి వైపు నుంచి?' అని వాదులాడుకోవడం మాని, డాక్టరుగారి ముందు కూర్చుని 'మిగిలినవారికి ఏమైనా పరీక్ష అవసరమా?' అని అడగండి. ఎక్కువమందికి వచ్చే జవాబు 'అవసరం లేదు' అనే. అవసరమని చెబితే మాత్రం ఆలస్యం చేయకండి.